నేర చట్టం: నిర్వచనం, మూల సూత్రాలు (బూర్గంపాడు గోదావరి తీరం ఆధారంగా)

ఏ పని చేస్తే, ఏ పని చేయకుండా ఊరుకుంటే రాజ్యం శిక్షిస్తుందో, ఎంత శిక్షిస్తుందో, శిక్షించే ముందు ఏమేమి రుజువు కావాలో చెప్పే చట్టాలన్నిటినీ కలిపి నేర చట్టం అంటారు. మన దేశంలో ఇది ఇప్పుడు మూడు పుస్తకాలుగా ఉంది. నేరాలు, శిక్షలు చెప్పేది 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత. పోలీసు దర్యాప్తు నుంచి తీర్పు దాకా నడక చెప్పేది 531 సెక్షన్ల భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. ఏది సాక్ష్యం, ఏది కాదు అన్నది తేల్చేది 170 సెక్షన్ల భారతీయ సాక్ష్య అధినియమం. మూడూ 2023లో చట్టాలై 2024 జులై 1న అమల్లోకి వచ్చాయి. అంతకుముందు ఆ చోట 1860 నాటి శిక్షాస్మృతి, 1973 నాటి నేర విచారణ స్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం ఉండేవి. ఈ మూడింటికి వెలుపల అటవీ చట్టం, వన్యప్రాణి చట్టం, మాదకద్రవ్యాల చట్టం, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వంటి ప్రత్యేక చట్టాలు ఎన్నో ఉన్నాయి. భద్రాచలం మన్యం అంచున ఉన్న స్టేషన్లలో, కోర్టుల్లో ఈ ప్రత్యేక చట్టాలతోనూ తరచూ పని పడుతుంది.

నేరం అంటే ఏమిటని న్యాయ సంహితను అడిగితే వచ్చే జవాబు కాస్త నిరాశ కలిగిస్తుంది. సంహిత శిక్షార్హం చేసినదే నేరమని రెండో సెక్షన్ అంటుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం కూడా ఏ చట్టం కిందనైనా శిక్ష పడే పనినో, పని మానడాన్నో నేరమంటుంది. పాపమనో, అధర్మమనో, సంఘానికి హానికరమనో చెప్పదు. శిక్ష ఉంటే నేరం, లేకుంటే కాదు. ఇది గిరగిరా తిరిగే నిర్వచనమని పండితులు ఎప్పటినుంచో ఆక్షేపిస్తున్నారు. సామాన్యుడికి మాత్రం ఇందులోనే రక్ష ఉంది. ఊరికి నచ్చని పని, అధికారికి కోపం తెప్పించిన పని చట్టంలో రాసి లేనంతవరకూ నేరం కాదు.

సివిల్ తగాదాకు, నేరానికి తేడా పత్తి, మిర్చి పండించే ఊళ్లలో ఏటా తెలిసొస్తుంది. రైతు దగ్గర పత్తి కొన్న వ్యాపారి ధర పడిపోయి డబ్బు ఇవ్వలేకపోతే అది బాకీ. రైతు సివిల్ దావా వేసుకోవాలి. వ్యాపారి మొదటినుంచీ ఇచ్చే ఉద్దేశమే లేకుండా, దొంగ చెక్కు చూపించి పత్తి ఎత్తుకుపోతే అది మోసం, అప్పుడు పోలీసు కేసు. రెండిట్లోనూ రైతుకు జరిగిన నష్టం ఒకటే. తేడా కొన్న రోజు వ్యాపారి మనసులో ఏముందన్నదే. స్టేషన్‌కు వెళ్లిన రైతుకు ‘ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి’ అన్న జవాబు వచ్చేది ఈ తేడా వల్లే. అది ఒక్కోసారి నిజమైన జవాబు, ఒక్కోసారి పని తప్పించుకునే జవాబు.

ఏరు దాటితే వేరే చట్టం

బూర్గంపాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గోదావరి కుడిగట్టు మండలం. అవతలి గట్టున భద్రాచలం. ఈ రెండు గట్ల చరిత్ర చూస్తే నేర చట్టపు మొదటి రెండు సూత్రాలు విడిగా వివరించే పని ఉండదు. నేరానికి ఒక చోటు ఉండాలి. ఆ చోట ఆ రోజున అమల్లో ఉన్న చట్టం ఒకటి ఉండాలి.

1860 ఒప్పందంతో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను బ్రిటిష్ వారికి ఇచ్చేశాడు. భద్రాచలం మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో, 1874 నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో ఉంది. కుడిగట్టున బూర్గంపాడు మాత్రం నిజాం ఏలుబడిలోనే మిగిలింది. మెకాలే లా కమిషన్ 1837లో ముసాయిదా రాసిన భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1న బ్రిటిష్ ఇండియాలో అమలైంది. నిజాం రాజ్యానికి దాని సొంత శిక్షాస్మృతి ఉండేది. ఒకే గోదావరి, ఒకే కోయ బంధుత్వాలు, అయినా పడవ దిగిన గట్టును బట్టి దొంగతనానికి సెక్షన్ మారేది, జడ్జి మారేవాడు, జైలు మారేది. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిశాక 1951 ఏప్రిల్ 1న భారత శిక్షాస్మృతి, అప్పటి నేర విచారణ స్మృతి కుడిగట్టుకూ వచ్చాయి. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. దాదాపు వందేళ్లకు రెండు గట్లూ ఒకే జిల్లా కిందికి వచ్చాయి. 1965లో వంతెన కూడా వచ్చింది.

2014లో మళ్లీ గీత పడింది. ఈసారి నది వెంట కాదు, మండలం మధ్యలోంచి. పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో, తెలంగాణను ఏర్పాటు చేసిన ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టాన్ని సవరించి కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతో పాటు బూర్గంపాడు మండలంలో కొన్ని గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. బూర్గంపాడు, సారపాక, మోరంపల్లి బంజర, ఇరవెండి, నాగినేనిప్రోలు వంటి ఊళ్లు తెలంగాణలో ఉండిపోయాయి. భద్రాచలం మండలంలోనయితే భద్రాచలం రెవిన్యూ గ్రామం ఒక్కటే ఇటు మిగిలింది. పట్నాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక అటు పోయింది. రామాలయం తెలంగాణలో, ఆలయ భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లో. దేవుడి భూమిలో ఆక్రమణ జరిగితే ఆలయ అధికారి ఫిర్యాదు పట్టుకుని పక్క రాష్ట్రం పోలీసుల దగ్గరికి వెళ్లాలి.

ఇలాంటి చోట చట్టం చెప్పేది ఏమిటి? నేరం ఎవరి హద్దులో జరిగిందో ఆ కోర్టే విచారించాలన్నది నాగరిక్ సురక్షా సంహిత 197వ సెక్షన్. హద్దు ఏదో తేలకపోయినా, నేరం రెండు హద్దుల్లో కొంత కొంత జరిగినా, సాగుతూ పోయినా ఆ కోర్టుల్లో ఏదైనా విచారించవచ్చని 198. ఇది కోర్టుల సంగతి. ఫిర్యాదుదారుడికి కావలసింది 173వ సెక్షన్‌లో ఉంది. నేరం ఎక్కడ జరిగిందన్న దానితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ కట్టాలి, తర్వాత దాన్ని సరైన స్టేషన్‌కు పంపాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అని వాడుకలో ఉన్న ఈ పద్ధతి అంతకుముందు ఆదేశాల మీద నడిచేది, ఇప్పుడు చట్టంలోకే ఎక్కింది. ‘ఇది మా లిమిట్స్ కాదు’ అన్న మాట విని గాయంతో తిరిగిన మనిషికి ఈ సెక్షన్ విలువ తెలుస్తుంది.

చోటు ఎంత ముఖ్యమో రోజు కూడా అంతే ముఖ్యం. పని చేసిన నాడు నేరం కాని దానికి తర్వాత వచ్చిన చట్టంతో శిక్ష వేయకూడదు, ఆ నాడు ఉన్నదానికంటే ఎక్కువ శిక్షా వేయకూడదు. రాజ్యాంగం 20వ అధికరణం మొదటి క్లాజు ఇదే. అందువల్ల 2024 జూన్ 30 రాత్రి జరిగిన హత్యకు పాత శిక్షాస్మృతి 302, అర్ధరాత్రి దాటాక జరిగిన హత్యకు న్యాయ సంహిత 103. ఇంకొన్నేళ్లపాటు మన లాయర్లకు రెండు పుస్తకాలూ మోయక తప్పదు.

గోపన్న మీద కేసు

చేసిన పని ఒక్కటే నేరం కాదు, దాని వెనుక చెడ్డ మనసు కూడా ఉండాలి. క్రియ, దురుద్దేశం రెండూ కలిసినప్పుడే నేరమవుతుందన్న ఈ సూత్రం లాటిన్ సామెతగా ప్రపంచమంతా తిరుగుతుంది. దీన్ని పరీక్షించడానికి ఈ తీరంలో కంచర్ల గోపన్న కథను మించినది లేదు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న గోపన్న వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించాడని, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆయన్ని చెరలో పెట్టాడని సంప్రదాయం. సొమ్ము ఆరు లక్షలని అంటారు. వరహాలని కొందరు, మొహరీలని కొందరు. చివరికి రాముడూ లక్ష్మణుడూ రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి బాకీ కట్టి రసీదు తీసుకున్నారన్నది కథలో అందరికీ తెలిసిన ఘట్టం.

ఇప్పటి చట్టం ముందు ఈ కేసు పెడితే ఏమవుతుంది? శిస్తు తహసీల్దారు చేతికి నమ్మకం మీద వచ్చిన ప్రభుత్వ సొమ్ము. దాన్ని వేరే పనికి వాడితే ప్రభుత్వోద్యోగి చేసిన నమ్మకద్రోహం. న్యాయ సంహిత 316వ సెక్షన్ అయిదో ఉపవిభాగం కింద యావజ్జీవం దాకా, లేదా పదేళ్ల దాకా శిక్ష. గోపన్న తరఫు లాయరు మొదట అనేది, తన క్లయింటు ఒక్క కాసు కూడా ఇంటికి తీసుకెళ్లలేదని. ఆ వాదన నిలబడదు. తనకు లాభం చేసుకోవాలని ఉండనక్కర్లేదు, ఒకరికి అక్రమ లాభం లేదా మరొకరికి అక్రమ నష్టం కలిగించాలన్న ఉద్దేశం ఉంటే చాలు, చట్టం దృష్టిలో అది నిజాయితీ లేమి అవుతుంది. ఖజానాకు నష్టం వచ్చింది కదా. గుడి కట్టాలన్న తపన ప్రేరణ మాత్రమే. ప్రేరణ వేరు, ఉద్దేశం వేరు. ఉద్దేశం నేరాన్ని నిర్ణయిస్తుంది. ప్రేరణ మంచిదయితే జడ్జి శిక్ష తగ్గించడానికి పనికొస్తుంది, అంతే.

లాయరుకు ఇంకో దారి ఉంది. సుల్తాను అనుమతి ఉందని గానీ, ఉన్నట్టు గోపన్న నిజాయితీగా నమ్మాడని గానీ రుజువైతే దురుద్దేశం కూలిపోతుంది, దానితో కేసూ పోతుంది. ఖర్చు పెట్టిన సంగతి కాదనడానికి మాత్రం వీలు లేదు. దేవుళ్లకు చేయించిన ఏ నగకు ఎంతయిందో ఆయనే కీర్తనలో లెక్క చెప్పుకున్నాడు.

రామలక్ష్మణుల రసీదు సంగతి మరీ ఆసక్తికరం. ఈ రోజయితే ఆ రసీదు సివిల్ బాకీని తీర్చేస్తుంది, నేరాన్ని తుడిచేయదు. దొంగిలించిన సొమ్ము తిరిగి ఇచ్చినవాడు దొంగ కాకుండా పోడు. తానీషా మాత్రం డబ్బు ముట్టగానే విడిచిపెట్టాడు. అంటే గోల్కొండ చెర శిక్షకంటే వసూలు సాధనంలా పనిచేసిందన్నమాట. ఛార్జి ఏమిటో రాసింది లేదు, గడువు లేదు, విచారణ లేదు, బాకీ తీరేదాకా చెర. ఇప్పుడు అరెస్టయిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న 22వ అధికరణం, ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించరాదని, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదని చెప్పే 20వ అధికరణం ఉన్నాయి. కేసు తేల్చకుండా మనుషుల్ని ఏళ్ల తరబడి లోపల ఉంచడం ఆగిపోయిందని మాత్రం అనలేం. మన జైళ్లలో ఎక్కువమంది శిక్ష పడినవాళ్లు కాదు, విచారణ ఖైదీలే.

దయ్యమనుకుని, చేతబడి అనుకుని

దురుద్దేశం లేని సందర్భాలను న్యాయ సంహిత 14 నుంచి 44 దాకా సెక్షన్లలో సాధారణ మినహాయింపులుగా చెప్పింది. ఏడేళ్ల లోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్యవారికి పరిణతిని చూడాలి. మతి స్థిమితం లేనివారు, ప్రమాదవశాత్తు చేసినవారు, ఆత్మరక్షణ కోసం కొట్టినవారు ఈ వరసలో వస్తారు. వీటన్నిటిలో అడవి ఊళ్లకు దగ్గరగా ఉన్నది వాస్తవం విషయంలో పొరపాటుపడిన సందర్భం.

1950ల చివర ఒరిస్సాలో రస్‌గోవిందపూర్ దగ్గర వాడకంలో లేని విమానాశ్రయం ఉండేది. అక్కడ దయ్యాలు తిరుగుతాయని జనం చెప్పుకునేవారు. రాత్రి అటుగా వచ్చిన ఒక నేపాలీ సేవకుడికి మిణుకుమిణుకుమంటూ దీపం, దాని చుట్టూ కదిలే ఆకారాలు కనిపించాయి. ఖుక్రీ దూసి నరికాడు. తీరా చూస్తే వాళ్లు లాంతరు పెట్టుకుని ఇప్పపువ్వు ఏరుకుంటున్న మాఝీ స్త్రీలు. ఒకరు చనిపోయారు, ఇద్దరు గాయపడ్డారు. తాను నరుకుతున్నది మనుషుల్ని కాదని అతడు నిజంగానే నమ్మాడని కోర్టు అతణ్ని విడిచిపెట్టింది. ఆ మినహాయింపు ఇప్పుడు 17వ సెక్షన్‌లో ఉంది.

అదే అడవిలో ఒక ముసలామె చేతబడి చేస్తోందని నమ్మి నరికితే ఆ మినహాయింపు రాదు. నమ్మకం అంతే గట్టిది కావచ్చు. కానీ ఎదురుగా ఉన్నది మనిషేనని నరికినవాడికి తెలుసు. ఆమెను చంపడానికి చట్టం తనకు హక్కిచ్చిందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. చట్టం తెలియకపోవడం, చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం రక్షణ కావు. నా దృష్టిలో ఈ గీత కఠినమైనదే గానీ సరైనది. ఇది లేకపోతే పక్కింటివాళ్ల భయమే ప్రతి ముసలామెకు మరణశిక్ష అవుతుంది.

ఇక నేరానికి పథకం వేయడం, పురిగొల్పడం, ప్రయత్నించి విఫలం కావడం కూడా నేరాలే. పలువురు ఒకే ఉద్దేశంతో దిగితే ఒక్కరే కత్తి దూసినా బాధ్యత అందరిదీ.

ఎవరు రుజువు చేయాలి

నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషే. రుజువు చేయవలసింది ప్రాసిక్యూషన్. రుజువు సహేతుకమైన సందేహానికి తావు లేనంతగా ఉండాలి. సందేహం మిగిలితే ఆ లబ్ధి ముద్దాయిదే. సాక్షులు అడ్డం తిరగడం వల్ల, పంచనామా మీద సంతకం పెట్టినవాడు ‘స్టేషన్‌లో తెల్లకాగితం మీద పెట్టించుకున్నారు’ అనడం వల్ల కేసులు కొట్టేస్తుంటే జనానికి కోపం వస్తుంది. ఆ కోపం సూత్రం మీద కంటే దర్యాప్తు మీద ఉండటం న్యాయం.

ఈ సూత్రానికి ప్రత్యేక చట్టాలు ఎంత గండి కొట్టాయో సారపాక దారిలో వెళ్లే లారీల సాక్షిగా చూడవచ్చు. ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల నుంచి చింతూరు, భద్రాచలం మీదుగా హైదరాబాద్ వైపు గంజాయి రవాణా అవుతుంది, తనిఖీల్లో పట్టుబడుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయికి కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై ఏళ్ల కఠిన శిక్ష, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. బెయిలు కూడా కష్టమే.

ఉల్లిగడ్డ బస్తాల కింద ప్యాకెట్లు దొరికాయనుకుందాం. ‘నాకు కిరాయి మాత్రమే తెలుసు, సరుకేమిటో తెలియదు’ అంటాడు డ్రైవరు. మామూలు నేరమైతే తెలుసునని ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. ఇక్కడ మాదకద్రవ్యాల చట్టం 35వ సెక్షన్ ప్రకారం దురుద్దేశం ఉన్నట్టే కోర్టు భావిస్తుంది. లేదని డ్రైవరే రుజువు చేసుకోవాలి, అదీ సందేహానికి తావు లేకుండా. 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కొట్టేయలేదు గానీ ఒక అడ్డుకట్ట వేసింది. ముందు సరుకు నిజంగా అతని అధీనంలోనే దొరికిందని, పట్టుకోవడం, సీలు వేయడం చట్టప్రకారం జరిగాయని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి, ఆ తర్వాతే భారం అటు మారుతుంది. కాబట్టి ఇలాంటి కేసుల్లో గెలుపోటములు తరచూ తూకం, సీలు, మధ్యవర్తుల రిపోర్టు, మేజిస్ట్రేటు ఎదుట తీసిన శాంపిళ్లు ఇవి సరిగా ఉన్నాయా లేదా అన్న దాని మీద తేలతాయి. 2020లో తూఫాన్ సింగ్ కేసులో, ఈ చట్టం కింద అధికారులకు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని కూడా తేల్చారు.

ఏజెన్సీ భూమి, పెద్దమనుషుల మాట

బూర్గంపాడు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. ఇక్కడ గవర్నరు రెగ్యులేషన్లు చేయవచ్చు, మామూలు చట్టాలను వర్తించకుండా ఆపవచ్చు. వాటిలో పెద్దది 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్. దీన్ని 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. 1970 సవరణతో గిరిజనేతరుడికి జరిగే ఏ బదలాయింపూ చెల్లదు, అమ్మినవాడు గిరిజనేతరుడైనా సరే. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందేనని భావిస్తారు, కాదని అతనే రుజువు చేసుకోవాలి. ఇంతదాకా సివిల్. 1978 సవరణ దీనికి నేరపు అంచు పెట్టింది. ఆ తర్వాత రెగ్యులేషన్‌కు విరుద్ధంగా భూమి సంపాదించినా, ఖాళీ చేయమన్న ఉత్తర్వు వచ్చాక కదలకుండా కూర్చున్నా ఏడాది దాకా కఠిన శిక్ష, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 1978 తర్వాత అన్న మాట అక్కడ ఊరికే లేదు, వెనక్కి వెళ్లి శిక్షించరాదన్న సూత్రమే అది. రెండు వేల రూపాయలు ఆనాడు భారమే కావచ్చు, నేటి ఎకరం ధర ముందు అది నవ్వులాట.

గూడేల్లో తగాదాలు ఇప్పటికీ పెద్దమనుషుల ముందే ఎక్కువగా తీరుతాయి. తప్పు కట్టిస్తారు, కలిపి పంపిస్తారు. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ఈ సంప్రదాయ పరిష్కార పద్ధతులకు గుర్తింపునిచ్చింది. చిన్న దెబ్బలాటలు, తిట్లు వంటివి నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్ ప్రకారం రాజీ పడదగినవే. హత్య, అత్యాచారం రాజీకి అతీతం. బాధితుడి కుటుంబం సొమ్ము తీసుకుని క్షమించినా కేసు ఆగదు, ఎందుకంటే ఫిర్యాదుదారుడు సాక్షి మాత్రమే, కేసు నడిపేది రాజ్యం. కోర్టు కాగితం మీద పేరు ‘స్టేట్ ఆఫ్ తెలంగాణ’ అని ఉండేది అందుకే.

శిక్షలు

శిక్ష నేరానికి తగ్గట్టు ఉండాలన్న వాదనను 1764లో ఇటలీలో బెకారియా గట్టిగా వినిపించాడు. మన న్యాయ సంహిత నాలుగో సెక్షన్‌లో మరణశిక్ష, యావజ్జీవం, కఠిన లేదా సాధారణ ఖైదు, ఆస్తి జప్తు, జరిమానాతో పాటు కొత్తగా సమాజసేవ చేరింది. అయిదు వేల రూపాయల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి, దాన్ని తిరిగి ఇచ్చేస్తే సమాజసేవతో సరిపెడతారు. ఆ మెట్టుకు ఎంతో పైన యావజ్జీవం ఉంది. 2022 నవంబరులో ఈ జిల్లాలోనే చండ్రుగొండ మండలం బెండాలపాడు అడవిలో, పోడు, ప్లాంటేషన్ గొడవల నడుమ ఒక ఫారెస్ట్ రేంజ్ అధికారిని నరికి చంపారు. తొమ్మిది నెలలు తిరగకముందే, 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ ఖైదు వేసింది. పోడు భూమి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఆ విచారణలో తేల్చేది కాదు. అది 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలో మొదలై సబ్ డివిజన్, జిల్లా కమిటీల దాకా వెళ్లే వ్యవహారం.